పంది పోయింది, పగ మిగిలింది



మొదటి శీలం గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ మన వాడల్లో ఒక ప్రశ్న వస్తుంది. ముఖ్యంగా కుర్రవాళ్లు అడుగుతారు. "ప్రాణహింస చేయొద్దు, పగ పెట్టుకోవద్దు అంటారు, బాగానే ఉంది. మరి మన మీదికి కత్తులేసుకుని వచ్చినవాడి సంగతేంటి? మనవాళ్లను చంపినా చేతులు కట్టుకుని కూర్చోవాలా? బుద్ధుడు మనల్ని భయపడి బతకమన్నాడా?"

ఇది అడగాల్సిన ప్రశ్నే. దీన్ని దాటేసి ఎన్ని వందనలు చేసినా ధమ్మం పుస్తకంలోనే ఉండిపోతుంది, మన బతుకులోకి రాదు. జవాబు వెతుక్కోవడానికి ఈసారి ఒక టీవీ నాటకాన్ని ముందు పెట్టుకుందాం. మనలో చాలామంది ఇళ్లలో సాయంత్రం ఏడు నుంచి పది దాకా నడిచేది టీవీయే కదా. పగ అంటే ఏంటో, పరువు అంటే ఏంటో మన పిల్లలు విహారంలో కన్నా ముందు దాంట్లోనే నేర్చుకుంటున్నారు. కాబట్టి దాన్ని కూడా ధమ్మం కళ్లతో చూడటం నేర్చుకోవాలి.

రెండు కుటుంబాల కథ

2012 మే నెలాఖరున అమెరికాలో హిస్టరీ ఛానెల్ వాళ్లు "హ్యాట్‌ఫీల్డ్స్ అండ్ మెకాయ్స్" అనే నాటకాన్ని మూడు రాత్రులు వరసగా వేశారు. రాత్రికి కోటి మందికి పైగా చూశారు. హ్యాట్‌ఫీల్డ్‌ల ఇంటిపెద్దగా వేసిన కెవిన్ కాస్ట్‌నర్‌కి ఆ ఏడాది ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది. మెకాయ్‌ల ఇంటిపెద్దగా బిల్ ప్యాక్స్‌టన్ వేశాడు.

ఇది కల్పించిన కథ కాదు. నూటయాభై ఏళ్ల కిందట నిజంగా జరిగింది. కెంటకీ, వెస్ట్ వర్జీనియా అనే రెండు రాష్ట్రాల మధ్య టగ్ ఫోర్క్ అనే ఏరు ఉంది. ఏటికి ఒక పక్క ఎక్కువగా మెకాయ్‌లు, రెండో పక్క ఎక్కువగా హ్యాట్‌ఫీల్డ్‌లు. కొండపొలాలు, మొక్కజొన్న, పందుల పెంపకం, అడవిలో కలప కొట్టడం, ఇదీ వాళ్ల బతుకు. రెండు కుటుంబాల మధ్య పెళ్లి సంబంధాలు కూడా ఉన్నాయి. మెకాయ్‌ల పెద్ద పేరు రాండల్. హ్యాట్‌ఫీల్డ్‌ల పెద్దను "డెవిల్ ఆన్స్" అనేవారు, అంటే దెయ్యపు ఆన్స్ అన్నమాట.

అమెరికా అంతర్యుద్ధం ముగిసే రోజుల్లో, 1865లో, రాండల్ తమ్ముడు ఆసా హార్మన్ హత్యకు గురయ్యాడు. అనుమానం హ్యాట్‌ఫీల్డ్‌ల పక్షం మీదికి పోయింది. శిక్ష ఎవరికీ పడలేదు. ఆ పుండు లోపల అట్లాగే ఉండిపోయింది.

తర్వాత పదమూడేళ్లకు, 1878లో, ఒక పంది గురించి తగాదా వచ్చింది. ఫ్లాయిడ్ హ్యాట్‌ఫీల్డ్ దగ్గరున్న పంది నాదేనని రాండల్ అన్నాడు. అక్కడ పందుల చెవులకు గాట్లు పెట్టి గుర్తుపడతారు. ఆ గాట్లు మావంటే మావన్నారు. విచారణ హ్యాట్‌ఫీల్డ్ వంశానికే చెందిన న్యాయాధికారి దగ్గర జరిగింది. జ్యూరీలో ఆరుగురు హ్యాట్‌ఫీల్డ్‌లు, ఆరుగురు మెకాయ్‌లు. మెకాయ్‌లలో ఒకడు హ్యాట్‌ఫీల్డ్‌ల వైపు చెప్పేసరికి రాండల్ ఓడిపోయాడు. రెండేళ్లు తిరక్కుండానే, ఆ విచారణలో సాక్ష్యం చెప్పినవాణ్ణి మెకాయ్ కుర్రాళ్లు ఇద్దరు చంపారు.

అదే 1880లో రాండల్ కూతురు రోజానా, ఆన్స్ కొడుకు జాన్సీ ఇష్టపడ్డారు. ఆ పిల్ల ఇల్లు వదిలి అతని వెంట వెళ్లింది. ఒక రాత్రి తన అన్నదమ్ములు జాన్సీని పట్టుకుంటే, వాళ్లు చంపేస్తారన్న భయంతో గుర్రమెక్కి పోయి అతని తండ్రికి కబురు చెప్పింది. జాన్సీ బతికాడు. తర్వాత ఆమెను వదిలేసి, ఆమె బంధువుల పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. రోజానాకు పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయింది. ఆమె కూడా ముప్పై దాటకుండానే చనిపోయింది.

1882 ఆగస్టులో ఎన్నికల రోజున తాగి ఉన్న గుంపులో మాటా మాటా పెరిగింది. రాండల్ కొడుకులు ముగ్గురు కలిసి ఆన్స్ తమ్ముడు ఎలిసన్‌ను కత్తులతో పొడిచి, తుపాకితో కాల్చారు. ఆ ముగ్గుర్నీ పట్టుకుని జైలుకు తీసుకుపోతుంటే హ్యాట్‌ఫీల్డ్‌లు దారిలో లాక్కున్నారు. తల్లి సారా పోయి కాళ్లావేళ్లా పడింది. ఎలిసన్ ప్రాణం పోయాక ఆ ముగ్గుర్నీ పొదలకు కట్టేసి కాల్చేశారు.

1888 కొత్త సంవత్సరం తొలి రాత్రి హ్యాట్‌ఫీల్డ్‌ల మనుషులు రాండల్ ఇంటికి నిప్పు పెట్టారు. రాండల్ తప్పించుకున్నాడు. కూతురు ఆలిఫేర్, కొడుకు కాల్విన్ చనిపోయారు. సారాను తల పగిలేలా కొట్టి వదిలేశారు. అటూ ఇటూ కలిపి పన్నెండు మందికి పైగా పోయారు. ఇంతా అయ్యాక ఆ పంది ఎవరిదో ఎవరికీ పట్టలేదు. పంది పోయింది, పగ మిగిలింది.

పంది కారణమా?

ఈ కథ చెప్పగానే అందరూ నవ్వుతారు. "పంది కోసం ఇంతమందా!" అంటారు. బంధువులారా, నవ్వే ముందు ఒక్క నిమిషం ఆగండి. మన వీధిలో మాట్లాడుకోని అన్నదమ్ములు లేరా? దేని గురించి అని అడిగితే ఏం చెప్తారు? గోడ జానెడు ముందుకు జరిగిందని, పెళ్లిలో పిలుపు సరిగా లేదని, దినం నాడు మాట తూలాడని. అవన్నీ మన పందులే.

బుద్ధుడు చెప్పిన కార్యకారణ సంబంధాన్ని, పటిచ్చ సముప్పాదాన్ని, ఇక్కడ పెట్టి చూడండి. కన్ను పందిని చూసింది. అది ఫస్సం, స్పర్శ. లోపల మంట పుట్టింది. అది వేదన. నాకు కావాల్సిందే అనిపించింది. అది తణ్హ, తృష్ణ. ఇంతవరకూ ఒక పంది గొడవే. తర్వాత మెట్టు ఉంది చూశారా, ఉపాదానం, గట్టిగా పట్టుకోవడం, అసలు ప్రమాదం అక్కడుంది. "నా పంది" అన్నవాడు "మేం మెకాయ్‌లం, మా జోలికొస్తారా" అన్నాడు. పంది చేతిలోంచి పోయి వంశం చేతిలోకి వచ్చింది. పందిని తిరిగి ఇవ్వచ్చు, డబ్బు కట్టచ్చు. వంశం పరువుకు లెక్క కట్టేదెవరు?

దాని కింద ఇంకో పొర కూడా ఉంది. ఆ కొండల్లో కలపకు ధర పెరుగుతున్న కాలం అది. పెరీ క్లైన్ అనే అతను ఆన్స్‌తో కోర్టు తగాదాలో అయిదు వేల ఎకరాల అడవి పోగొట్టుకున్నాడు. మెకాయ్‌లకు చుట్టం. తర్వాత లాయరయ్యాడు. 1882 హత్యల కేసు అయిదేళ్లు మూలనపడి ఉంటే, 1887లో కెంటకీ గవర్నరు దగ్గరికి పోయి దాన్ని పైకి తీయించింది ఈయనే. చల్లారుతున్న నిప్పును మళ్లీ ఊదారు. పైకి రక్తసంబంధం, లోపల భూమి. మన ఊళ్లలో గొడవల్ని కూడా ఇట్లా పొర పొర విప్పి చూడాలి. మనం ఎవరి కోసం కొట్టుకుంటున్నాం, లాభం ఎవరి ఇంటికి పోతోంది అని అడగాలి. ఆ అడగడమే సమ్మా దిట్ఠి.

ఉరికంబం ఎక్కింది ఎవరు?

ఈ కథలో మనం మర్చిపోకూడని మనిషి ఒకడున్నాడు. పేరు ఎలిసన్ మౌంట్స్. చనిపోయిన ఎలిసన్ హ్యాట్‌ఫీల్డ్‌కి పెళ్లి లేకుండా పుట్టినవాడు. తెలివి కాస్త మందమని చెప్తారు. హ్యాట్‌ఫీల్డ్ అనే ఇంటిపేరు కూడా అతనికి దక్కలేదు. పగ తీర్చుకునే వేళ మాత్రం అతన్ని మనవాడన్నారు. తుపాకి చేతికిచ్చారు.

కేసులు నడిచాయి. రాష్ట్రం దాటి వెళ్లి మనుషుల్ని పట్టుకు రావడం చెల్లుతుందా లేదా అని అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. చివరికి కొందరికి యావజ్జీవం పడింది. ఉరి పడింది ఒక్కరికే. 1890 ఫిబ్రవరి 18న పైక్‌విల్ ఊళ్లో వేలమంది చూస్తుండగా ఎలిసన్ మౌంట్స్‌ను ఉరితీశారు.

మరి డెవిల్ ఆన్స్ ఏమయ్యాడు? అతని మీద విచారణే జరగలేదు. కలప వ్యాపారం చేసుకున్నాడు. 1911లో ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. 1921లో ముసలితనంలో మంచం మీద చనిపోయాడు. సమాధి మీద పాలరాతితో నిలువెత్తు విగ్రహం పెట్టారు.

పెద్దవాడికి విగ్రహం, ఇంటిపేరు దక్కనివాడికి ఉరితాడు. బంధువులారా, ఇది అమెరికా కథేనా? రాయలసీమ ఫ్యాక్షన్ కథలు మనకు తెలియనివి కావు. 1999లో "సమరసింహారెడ్డి" వచ్చాక తెలుగు తెర మీద కొన్నేళ్లపాటు సుమోలు, బాంబులు, తొడలు చరచడాలే. ఆ సినిమాల్లో హీరో వెనక జీపులో నిలబడి బాంబు విసిరేవాడికి పేరుంటుందా? వాడు చచ్చిపోతే కెమెరా వాడి ఇంటికి పోతుందా? నిజం ఫ్యాక్షన్‌లో కూడా ముందు పడిపోయేది ఆ వెనక నిలబడ్డవాడే. కూలికి పోయేవాడు, భూమి లేనివాడు, దొర పిలిస్తే కాదనలేనివాడు. వాడిలో మనవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇద్దరు దొరల పగలో మన రక్తం ఎందుకు పోయాలి? తెర మీద పౌరుషం చూసి ఈలలు వేసే మన కుర్రాళ్లకు ఎలిసన్ మౌంట్స్ కథ ముందుగా చెప్పాలి.

రోహిణి ఒడ్డున

టగ్ ఫోర్క్ కథ వింటుంటే అంబేద్కరు మనకు చెప్పిన ఇంకో ఏరు గుర్తుకు రాకుండా ఉండదు. అది రోహిణి. ఒక ఒడ్డున శాక్యులు, రెండో ఒడ్డున కోలియులు. ఆ రెండు వంశాలు కూడా ఇచ్చిపుచ్చుకున్న చుట్టాలే. ఇద్దరి పొలాలకూ ఆ ఏటి నీళ్లే.

సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడని మనం చిన్నప్పటి నుంచీ విన్నాం. బాబాసాహెబ్ ఆ కథను ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఒక మనిషి ముసలివాణ్ణే చూడలేదంటే ఎట్లా నమ్ముతాం అని అడిగారు. ఆయన పోయాక 1957లో అచ్చయిన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో అసలు కారణం రోహిణి నీళ్ల తగాదా అని రాశారు.

సిద్ధార్థుడు శాక్య సంఘంలో సభ్యుడైన ఎనిమిదో ఏట నీళ్ల దగ్గర రెండు పక్షాలకూ కొట్లాట జరిగింది. ఇరువైపులా గాయపడ్డారు. సేనాపతి సభ పిలిచి యుద్ధం చేద్దామన్నాడు. అప్పుడు లేచి కాదన్నది సిద్ధార్థుడు ఒక్కడు. ఆయన ఏమన్నాడో గమనించండి. మనది తప్పు, నీళ్లు వాళ్లకే వదిలేద్దాం అనలేదు. మన తప్పెంతో, వాళ్ల తప్పెంతో ముందు విచారిద్దాం అన్నాడు. మన నుంచి ఇద్దరు, వాళ్ల నుంచి ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎన్నుకున్న అయిదోవాడు, ఈ అయిదుగురూ కూర్చుని తేలుస్తారు అన్నాడు.

టగ్ ఫోర్క్ ఒడ్డున ఆరుగురు ఇటు, ఆరుగురు అటు కూర్చున్న జ్యూరీతో దీన్ని పోల్చండి. అక్కడ విచారించే అధికారి ఒక వంశంవాడు. తీర్పు వచ్చాక ఓడినవాడు దాన్ని తీర్పు అనుకోలేదు, అవమానం అనుకున్నాడు. ఇక్కడ సిద్ధార్థుడు అడిగింది ఇద్దరూ ఒప్పుకున్న అయిదో మనిషిని. ఆ అయిదో మనిషి ఎవరి వంశానికీ కట్టుబడడు, న్యాయానికి కట్టుబడతాడు. ధమ్మం అంటే ఆ అయిదో మనిషి లాంటిది.

సభలో సేనాపతి మాటే నెగ్గింది. సైన్యంలో చేరనని సిద్ధార్థుడు తెగేసి చెప్పాడు. చేరకపోతే నీ కుటుంబాన్ని వెలివేస్తాం, భూములు లాక్కుంటాం అన్నారు. వెలి అంటే ఏంటో మనకు తెలుసు. సరుకులు అమ్మరు, పనికి పిలవరు, నీళ్లు ముట్టనివ్వరు. బుద్ధుడి ఇంటికి కూడా ఆ బెదిరింపు వచ్చింది. తన వల్ల తన వాళ్లకు శిక్ష పడకూడదని, తనంతట తానే దేశం విడిచి పరివ్రాజకుడయ్యాడు. యుద్ధం వద్దన్నందుకు ఆయన కట్టిన ధర అది. భయస్తుడు కట్టే ధర కాదు.

తర్వాత రాజగృహంలో ఉన్నప్పుడు శాక్యులు, కోలియులు రాజీ పడ్డారన్న కబురు తెలిసింది. ఇక ఇంటికి పోవచ్చు. ఆయన పోలేదు. ఎందుకంటే రెండు వంశాల మధ్య యుద్ధం ఎప్పుడో ఒకసారి వస్తుంది, పోతుంది. వర్గానికీ వర్గానికీ మధ్య, సమాజం లోపల, నిత్యం నడిచే పోరు ఉంది, దుఃఖానికి మూలం అదే అని ఆయనకు తోచిందని బాబాసాహెబ్ రాశారు. ఇప్పుడు మన కుర్రవాళ్ల ప్రశ్న దగ్గరికి వద్దాం.

కక్ష వేరు, దాడి వేరు

హ్యాట్‌ఫీల్డ్‌లు, మెకాయ్‌లు ఇంచుమించు సమానులు. ఇద్దరి దగ్గరా తుపాకులున్నాయి, ఇద్దరికీ భూములున్నాయి, ఇద్దరూ ఒకే జ్యూరీలో కూర్చున్నారు. దాన్ని కక్షలు అనొచ్చు. 1985 జులై 17న కారంచేడులో జరిగింది కక్ష కాదు. మాదిగలు తాగే నీళ్ల చెరువును పశువుల కుడితితో పాడుచేస్తుంటే వద్దన్నందుకు ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికారు. అదీ కక్ష కాదు. అమెరికాలో ఆ నాటకం వేసిన రెండు వారాలకే, 2012 జూన్ 12న, శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో భూమి గురించి దళితుల మీద పడి అయిదుగుర్ని పొట్టన పెట్టుకున్నారు. వీటికి "ఇరువర్గాల ఘర్షణ" అని పేరు పెట్టేవాళ్లు ఉంటారు. ఆ మాట వినగానే మనం ఆపాలి. ఒకడు గొడ్డలి ఎత్తి, రెండోవాడు పారిపోతుంటే దాన్ని ఘర్షణ అనరు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం సమ్మా వాచా. దాడిని దాడి అనాలి.

మరి దాడి చేసినవాడి మీద పగ పెట్టుకోవచ్చా? ఇక్కడ దీఘావు కథ వినండి. కోసంబిలో భిక్షువులు పాత్రలో మిగిల్చిన కాసిని నీళ్ల దగ్గర మొదలై రెండుగా చీలి తిట్టుకుంటుంటే భగవానుడు వాళ్లకు చెప్పిన కథ ఇది. కాశీరాజు బ్రహ్మదత్తుడు బలవంతుడు. కోసల రాజు దీఘీతి రాజ్యాన్ని లాక్కున్నాడు. కొన్నాళ్లకు దీఘీతినీ అతని భార్యనూ పట్టుకుని కొడుకు చూస్తుండగానే చంపించాడు. ఆ కొడుకు దీఘావు. పగను పగతో చల్లార్చలేమని తండ్రి చివరి మాటగా చెప్పి పోయాడు. దీఘావు ఏనుగుల సాలలో పనికి కుదిరి, మెల్లగా ఆ రాజుకే నమ్మకస్తుడయ్యాడు. ఒకరోజు అడవిలో బ్రహ్మదత్తుడు అలసిపోయి అతని ఒళ్లోనే తల పెట్టి నిద్రపోయాడు. చేతిలో కత్తి, ఒళ్లో శత్రువు. మూడుసార్లు కత్తి దూశాడు, మూడుసార్లు తండ్రి మాట గుర్తొచ్చి ఒరలో పెట్టాడు. రాజు లేచి ప్రాణభిక్ష అడిగాడు. ఒకరి ప్రాణానికి ఒకరు హామీ ఇచ్చుకున్నారు.

ఎందుకు చంపలేదని తర్వాత రాజు అడిగితే దీఘావు లెక్క చెప్పాడు. నేను నిన్ను చంపితే నీవాళ్లు నన్ను చంపుతారు, నావాళ్లు మళ్లీ వాళ్లను చంపుతారు, ఇది ఎక్కడా తెగదు అని. టగ్ ఫోర్క్ ఒడ్డున జరిగింది అక్షరాలా అదే.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కత్తి ఒరలో పెట్టడమే ధమ్మం అంటారు. కథ ఇంకా ఉంది. బ్రహ్మదత్తుడు దీఘావు తండ్రి రాజ్యాన్ని, సైన్యాన్ని, ఖజానాను తిరిగి ఇచ్చేశాడు. లాక్కున్నది వెనక్కి వచ్చింది. దీఘావు ఒదులుకుంది పగను. రాజ్యాన్ని ఒదులుకోలేదు. అవేరం అంటే పగ లేకపోవడం. హక్కు లేకపోవడం కాదు. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి, బౌద్ధులు కదా, కేసు వెనక్కి తీసుకోండి, రాజీ పడండి అంటే, దీఘావు రాజ్యం తిరిగి వచ్చింది, మా భూమి తిరిగి వచ్చిందా అని అడగండి.

మహాడ్ చెప్పిన పాఠం

ఈ ధమ్మాన్ని మన కాలంలో నడిచి చూపించింది బాబాసాహెబే. 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందితో నడిచి చవదార్ చెరువులో దోసెడు నీళ్లు తాగారు. కాసేపటికి సవర్ణులు కర్రలతో వచ్చి, అన్నం తింటున్నవాళ్లను, ఇళ్లకు పోతున్నవాళ్లను కొట్టారు. మనవాళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు. బాబాసాహెబ్ ఊ అంటే చాలు, ఆ రోజు మహాడ్ రక్తంతో తడిసేది. ఆయన ఊ అనలేదు. దెబ్బలు తిన్నవాళ్లకు వైద్యం చేయించారు, పోలీసు కేసు పెట్టించారు. కొట్టినవాళ్లలో కొందరికి జైలుశిక్ష పడింది. చెరువు మీద హక్కు కోసం పదేళ్లు కోర్టుల్లో పోరాడి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు.

కర్ర ఎత్తలేదు, చెరువు వదల్లేదు. బంధువులారా, మన కుర్రవాళ్ల ప్రశ్నకు జవాబు ఈ రెండు మాటల్లో ఉంది. ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటే అది ధమ్మం అవ్వదు. కర్ర ఎత్తితే మనం కూడా మెకాయ్‌లమే, మన పిల్లలకు ఉరితాళ్లు మిగులుతాయి. చెరువు వదిలేస్తే మళ్లీ పాత గుడిసెలోకి, పాత బానిసత్వంలోకి పోతాం.

ఈ దారి తేలిక అని నేను చెప్పను. చుండూరులో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, 2007లో శిక్షలు పడేదాకా పదహారేళ్లు పట్టింది. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. అప్పుడు ఆ తల్లుల కడుపు ఎంత రగిలి ఉంటుందో ఊహించుకోండి. అయినా వాళ్లు గొడ్డళ్లు వెతుక్కోలేదు, పై కోర్టు మెట్లెక్కారు. అది చేతకానితనం అనేవాడికి పంచశీల అర్థం కాలేదు. కోపం మంటను లోపల పెట్టుకుని, దాన్ని ఇల్లు కాల్చే నిప్పు కానివ్వకుండా పొయ్యిలో నిప్పు చేసుకున్నారు. బోధించు, సమీకరించు, పోరాడు అన్న బాబాసాహెబ్ మాటకు అర్థం అదే.

మన ఇంట్లో ఏం చేద్దాం?

బయటివాడి దాడి సంగతి అట్లా ఉంచితే, మనలో మనకు ఉన్న కక్షల మాట కూడా మాట్లాడుకోవాలి. దీక్ష తీసుకున్న కుటుంబాలే వాడలో రెండు పార్టీలై, ఒక పార్టీవాళ్లు వస్తే రెండో పార్టీవాళ్లు విహారానికి రారు. విగ్రహం ఎవరు పెట్టించారు, జయంతికి మైకు ఎవరు పట్టుకోవాలి, ఎన్నికల్లో ఎవరి వెనక తిరిగావు. మాల, మాదిగ అని వాడకు వాడ ఎడమొహం పెడమొహం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో సమానత్వం నెలకొల్పడానికి పాటుపడతామన్నది ఒకటి. సొంత తమ్ముడితో సమానంగా కూర్చోలేనివాడు ఆ ప్రతిజ్ఞను ఎట్లా నిలబెట్టుకుంటాడు?

అందుకని ఈ పున్నమి నుంచి నాలుగు పనులు మొదలుపెడదాం.

ఒకటి. ప్రతి విహారంలో సిద్ధార్థుడు చెప్పిన అయిదుగురి పంచాయతీ ఉండాలి. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, ఇద్దరికీ ఇష్టమైన అయిదో మనిషి. ఆ అయిదుగురిలో ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. మగవాళ్ల పరువు మంటలో సారా తల పగిలింది, రోజానా బతుకు బుగ్గయింది. పగ ఖరీదు తెలిసినవాళ్లు పంచాయతీలో కూర్చుంటే తీర్పు వేరేగా ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ పంచాయతీ మనలో మన తగాదాలకే. దాడికి, అత్యాచారానికి పంచాయతీ లేదు, 1989 అట్రాసిటీ చట్టం ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది.

రెండు. ఎన్నికల రోజు, పెళ్లి రోజు, జయంతి రోజు మందు ముట్టకూడదు. ఎలిసన్‌ను పొడిచిన రోజు ఎన్నికల రోజే, తాగిన రోజే. అయిదో శీలం తప్పినచోట మొదటి శీలం ఎక్కువసేపు నిలవదు.

మూడు. మాట్లాడుకోని ఇంటికి మీరే ముందు వెళ్లండి. తప్పెవరిదన్న లెక్క తర్వాత. గడప తొక్కి, "అన్నా, వదినా బాగున్నారా" అనడానికి పైసా ఖర్చు లేదు. అవతలివాళ్లు తలుపు వేసుకుంటే మళ్లీ పున్నమికి మళ్లీ వెళ్లండి.

నాలుగు. టీవీ ముందు పిల్లల పక్కన కూర్చోండి. సీరియల్లో తొడ చరిచినప్పుడు, కత్తి లేచినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "వీడు చస్తే ఎవడు లాభపడతాడ్రా నాన్నా? వీళ్లమ్మ ఏమైపోద్ది?" ఆ ప్రశ్న ఒక్కసారి బుర్రలో పడితే ఆ పిల్లవాడు రేపు ఎవడి జీపూ ఎక్కడు.

చివరగా ఒక్క మాట. హ్యాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల వారసులు 2003 జూన్‌లో పైక్‌విల్‌లో కలిసి సంధి కాగితం మీద సంతకాలు పెట్టారు. పంది తగాదా మొదలైన నూట పాతికేళ్లకు. అప్పటికి తప్పు చేసినవాడు లేడు, దెబ్బ తిన్నవాడు లేడు, ఆ తల్లీ లేదు. సంతకం పెట్టడానికి వాళ్ల చేతులు అంతకాలం ఎందుకు రాలేదో మనకు తెలుసు. మనకు నూట పాతికేళ్లు అక్కర్లేదు. ఈ పున్నమి చాలు.

కర్ర ఎత్తొద్దు. చెరువు వదలొద్దు.

నమో బుద్ధాయ. జై భీమ్.